రంగం నుంచి మా ముత్తాత ఎప్పుడొచ్చాడు?

మా ముత్తాత బర్మాలోని రంగూన్ రేవులో కూలీ. మా భీమిలి వైపు పెద్దవాళ్లు దాన్ని రంగం అనే అంటారు. ఆయనకు చదువు లేదు, రాసిపెట్టిందేమీ లేదు. అందుకని ఒక పెద్ద కాగితం తీసుకుని ఎడమవైపు ఇంట్లో చెప్పుకునే మాటలు, కుడివైపు చరిత్రలోని తారీఖులు రాసుకుంటూ పోయాను.

మొదట తేలింది ఆయన తలమీద గాటు సంగతి. "రేవులో బర్మావాళ్లతో గొడవ" అనేది నాయనమ్మ. అది 1930 మే నెల గొడవే అయ్యుండాలి. తెలుగు కూలీలు సమ్మె చేస్తే బర్మా కూలీలను పెట్టుకున్నారు, సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నారు. దాంతో రేగింది. పాపం, కొట్టుకున్నది మాత్రం రెండువైపులా కూలీలే.

పిల్లల పుట్టిన ఏళ్లకు జాతకాలు పనికొచ్చాయి. నాయనమ్మది విక్రమ, అంటే 1940-41. ఆమె తమ్ముడు, మా చిన్నతాతది స్వభాను, అంటే 1943-44. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది గానీ, ఇక్కడ ఆ తికమక లేదు.

అసలు చిక్కు బాంబుల దగ్గరొచ్చింది. బాంబులు పడితే రంగం నుంచి నడిచొచ్చాడని నాయనమ్మ మాట. "కాదు, బాంబులు పడ్డ రోజు మా నాన్న ఇంటి అరుగుమీదే ఉన్నాడట, పట్నం జనం మూటాముల్లె సర్దుకుని మనూరికి పరిగెత్తుకొచ్చారట" అని చిన్నతాత వాదన. ఈ విషయంలో అక్కాతమ్ముళ్లకు ఎప్పుడూ పడలేదు. కుడివైపు చూస్తే ఇద్దరిదీ నిజమే! జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేసింది 1941 డిసెంబర్ 23న, విశాఖ మీద వేసింది 1942 ఏప్రిల్ 6న. ఆ రెండింటి మధ్య మూడున్నర నెలల్లోనే ఆయన ఇల్లు చేరాడన్నమాట.

ఏ దారిన వచ్చాడో కాగితాల్లో లేదు. మణిపూర్ మీదుగా వచ్చినవాళ్లు ఇంఫాల్, దిమాపూర్ చేరేవాళ్లు. ఇంకొందరు ప్రోమ్ నుంచి కొండలు దాటి టౌంగప్ చేరి, అక్కడ పడవెక్కి అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్ వెళ్లేవాళ్లు. ఆ దారిలో కలరాకు చాలామంది పోయారు. "కొండ దిగాక పడవెక్కాను" అని ఆయన చెప్పేవాడని చిన్నతాతకు గుర్తు. అందుకే నా కాగితంలో టౌంగప్ దారి అనే రాశాను, పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి.