జెంకోజీ యాత్ర: నగానోలో ఒక రాత్రి ఉండాల్సిందే

టోక్యో నుంచి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) గంటన్నరలో నగానోలో దింపేస్తుంది కాబట్టి చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారు. కానీ ఇక్కడి పాత బౌద్ధాలయం జెంకోజీలో ముఖ్యమైన పూజ తెల్లవారుజామునే అయిపోతుంది. అందుకని ముందురోజు సాయంత్రానికే ఊరు చేరమని చెబుతాను. షింకన్‌సెన్‌లలో కగయాకి అనే బండిలో సీట్లన్నీ రిజర్వేషనే. అప్పటికప్పుడు ఎక్కాలంటే అసమా అనే బండి చూసుకోండి.

1998 శీతాకాల ఒలింపిక్స్‌తో ప్రపంచానికి తెలిసినా, సుమారు 3.7 లక్షల జనాభా ఉన్న ఈ కొండల నడిమి ఊరు గుడి ముంగిట పుట్టి పెరిగింది. స్టేషన్ నుంచి గుడికి 1.8 కిలోమీటర్లు, కాస్త ఎగువ దారి. బస్సుంది గానీ నడకే బాగుంటుంది.

బస గుడి చుట్టూ ఉన్న 39 షుకుబోల్లో దేనిలోనైనా చూసుకోవచ్చు. పూజారులే నడిపే సత్రాలివి. శాకాహారులు బుక్ చేసేటప్పుడే 'షోజిన్ (బౌద్ధ సన్యాసుల శాకాహార) భోజనం, చేప వద్దు' అని స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే అన్ని షుకుబోల్లోనూ వంట పూర్తి శాకాహారం కాదు. బయట సోబా (బక్వీట్ పిండి నూడుల్స్) తిన్నా అంతే: పైన చేప ముక్క కనబడకపోయినా పులుసు మాత్రం ఎండుచేప తురుముతో కాచిందే. వంకాయ, గుమ్మడికాయ, నొజవనా ఆకుకూర కూరిన పిండి ఉండలు, ఒయాకి, కొంత నయం, అయినా అడిగి తీసుకోండి.

పొద్దుటి పూజ పేరు ఒఅసాజి. ఏడాది పొడవునా ఉంటుంది, వేళ మాత్రం సూర్యోదయాన్ని బట్టి మారుతుంది: నడివేసవిలో 5:30 ప్రాంతం, చలికాలంలో 7 గంటలు. రాత్రే షుకుబోలో అడిగి, ఇరవై నిమిషాలు ముందే వెళ్ళండి. ప్రధానాచార్యులు ఆలయంలోకి వెళ్ళే రాతిబాట పక్కన వరసగా మోకాళ్ళ మీద కూర్చుని తల వంచితే, జపమాలతో తల తాకి ఆశీర్వదించి సాగిపోతారు. ఇక్కడ తెందాయ్, జోదో అని రెండు బౌద్ధ శాఖలు. జోదో వైపు పీఠాధిపతి సన్యాసిని. ఫొటో కోసం నిలబడి తల ఎత్తి చూసేవాళ్ళకు ఆశీర్వాదం తప్పిపోతుంది. ఆలస్యమైతే కంగారు పడకండి, పూజయ్యాక తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఇస్తారు.

ఇప్పుడున్న ప్రధానాలయం 1707 నాటిది, లోతు 54 మీటర్లు. లోపలి మండపానికి టికెట్ కావాలి. చెప్పులు సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్ళాలి. మూలవిరాట్టైన అమిద (అమితాభ బుద్ధుడి) త్రయాన్ని ఎవరికీ చూపరు. ఆ మూర్తి మన వైశాలి నుంచి కొరియా మీదుగా వచ్చిందని స్థలపురాణం. ఉత్సవమూర్తి లాంటి ప్రతిరూపాన్ని ఆరేళ్ళకోసారి, జంతువుల పేర్లతో సాగే పన్నెండేళ్ళ చక్రంలోని ఎద్దు, గొర్రె సంవత్సరాల్లో బయటికి తెస్తారు. 2021 వంతు కోవిడ్ వల్ల 2022కు వాయిదా పడింది, తర్వాతిది 2027లో. అప్పుడు ఆలయం ముందు ఓ కొయ్య స్తంభం నిలిపి, మూర్తి చేతికి కట్టిన దారాన్ని దానికి కలుపుతారు. స్తంభాన్ని తాకితే మూర్తిని తాకినట్టే. ఆ నెలల్లో బస ముందుగా కుదుర్చుకోకపోతే దొరకడం కష్టం.

గర్భాలయం కింది చీకటి సొరంగం, ఒకైదాన్ మెగురి, సుమారు 45 మీటర్లు ఉంటుంది. నిజంగానే కన్ను పొడుచుకున్నా కనబడదు. కుడిచేయి నడుము ఎత్తున గోడకు ఆనించి, సంచి ఎడమచేత్తో ముందుకు పట్టుకుని మెల్లగా జరుగుతూ పోవాలి. సరిగ్గా మూర్తి కింద ఒక లోహపు తాళం చేతికి తగులుతుంది, కదిపితే గలగలమంటుంది. దాన్ని అందుకుంటే స్వర్గప్రాప్తి అని నమ్మకం. దొరకనివాళ్ళలో ఎక్కువమంది చేయి భుజం ఎత్తున పెట్టినవాళ్ళే. ఫోన్ లైటు వెయ్యకండి, వెనకున్నవాళ్ళ యాత్ర కూడా పాడవుతుంది. ఇరుకంటే భయముంటే దిగకపోవడమే మంచిది.

బయటి మండపంలో బుద్ధుడి శిష్యుడు బింజురు విగ్రహం ఉంటుంది. మనకు నొప్పి ఉన్నచోటే ఆయన ఒంటిని నిమురుతారు. తరతరాల చేతులకు ముఖం అరిగి నున్నబడింది. 2023లో దాన్ని ఎవరో ఎత్తుకుపోతే అదేరోజు దొరికింది.

గుడి వీధిలో 1736 నుంచి ఉన్న యావతయా ఇసోగోరో కొట్టులో షిచిమి పొడి కొనుక్కోవచ్చు. మిరప, అల్లం, నువ్వులు, నారింజ తొక్క వగైరా ఏడు దినుసులు. మన నాలుకకు కారం చాలదు, వాసన మాత్రం గొప్పగా ఉంటుంది.

జెంకోజీ ఒక్కటే చూస్తే సగం యాత్రేనని ఇక్కడివాళ్ళ మాట. దక్షిణాన్ని చూసే ఈ గుడికి జోడీ, బెష్షో ఒన్‌సెన్ అనే వేడినీటి ఊటల ఊళ్ళో ఉత్తరాన్ని చూసే కితముకి కన్నన్ గుడి. షింకన్‌సెన్‌లో ఉఎదా దిగి, అక్కడి నుంచి చిన్న రైల్లో అరగంట వెళ్ళాలి.