డిఫాల్ట్ ఫాంట్‌ని తెలుగు అక్షరాలు పెట్టి చూశాకే ఎంచుకోవాలి

ఉచితంగా దొరికే, ఎవరైనా మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్. దాని డెస్క్‌టాప్‌లో డిఫాల్ట్ ఫాంట్, అంటే మనం ఏమీ మార్చకపోతే కనబడే ఫాంట్, మారిందంటే చాలు, జనం వారాల తరబడి మాట్లాడుకుంటారు. గ్నోమ్ అంటే లైనక్స్‌లో మెనూలూ విండోలూ చూపించే ఒక డెస్క్‌టాప్. 2011లో గ్నోమ్ 3తో వచ్చిన కాంటరెల్ ఫాంట్‌ని పక్కన పెట్టి, 2025 మార్చిలో గ్నోమ్ 48కి ఇంటర్ అనే ఫాంట్ ఆధారంగా చేసిన అద్వైత సాన్స్ పెట్టారు. అప్పుడూ అంతే, చిన్న ఎల్‌కీ పెద్ద ఐకీ తేడా తెలుస్తోందా, సున్నా ఓలా కనబడుతోందా, మెనూల్లో మరీ బరువుగా ఉందా, ఇవే ప్రశ్నలు. అవీ చూడాల్సినవే, కాదనను. కానీ ఈ రెండు ఫాంట్లలోనూ ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు. మనలాంటివాళ్లు ఫైళ్లకి తెలుగులో పేర్లు పెట్టుకుని, తెలుగు మెయిళ్లు చదువుకునే స్క్రీన్ మీద కనబడేది ఎవరూ చర్చించని ఇంకో ఫాంట్.

అదెక్కడి నుంచి వస్తుందంటే, ఫాంట్‌కాన్ఫిగ్ అనే ప్రోగ్రామ్ దగ్గర ఒక వరుస ఉంటుంది. మొదటి ఫాంట్‌లో 'క' లేకపోతే తర్వాతిదాంట్లో వెతుకుతుంది, అందులోనూ లేకపోతే ఆ తర్వాతిది, అలా ముందుగా ఏది దొరికితే అది. తెలుగు ఫాంట్లలో, సిస్టమ్‌లో లోహిత్ ఉంటే లోహిత్, నోటో ఉంటే నోటో, ఎప్పుడో సరదాగా వేసుకున్న పోతన ఉంటే ఒక్కోసారి అదే. ఇంగ్లిష్ ఫాంట్‌ని ఒకరు కూర్చుని ఎంచితే, తెలుగుది ఇన్‌స్టాల్ అయి ఉన్నవాటిని బట్టి తేలుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే. విండోస్ ఎక్స్‌పీలో 2001లోనే గౌతమి అనే తెలుగు ఫాంట్ ఉంది, 2012లో విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చింది, మంచైనా చెడైనా అక్కడ తెలుగుకి ఫలానా ఫాంట్ అని ఎవరో ఒకరు నిర్ణయించి పెట్టారు. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మన చేతిలోనే అన్నీ ఉండి కూడా ఆ పని గట్టిగా పట్టించుకోకపోవడం నాకు మింగుడుపడదు.

చెన్నైలో పనిచేస్తూ తమిళవాళ్ల పక్కన కూర్చుంటాను కాబట్టి ఒక తేడా నాకు రోజూ కళ్లకి కనిపిస్తుంది. తమిళంలో హల్లు మీద పుల్లి అనే చుక్క పెట్టి పక్కపక్కనే రాసుకుంటూ పోతారు, మనకున్నట్టు కింద ఒత్తుల దొంతర ఉండదు. అందుకని ఇంగ్లిష్ ఫాంట్ కొలతలకి కుదించిన లైన్ ఎత్తులో కూడా వాళ్ల అక్షరాలు హాయిగా ఇమిడిపోతాయి. మనకి అలా కాదు, 'రాష్ట్రం'లో షకి కింద రెండు ఒత్తులున్నాయి, 'త్రైమాసిక'లో తకి రావత్తూ ఐత్వం కొక్కెమూ రెండూ కిందికే దిగుతాయి. ఫైల్ మేనేజర్‌లో వరుసలు దగ్గరదగ్గరగా ఉంటే ఆ కింది భాగం సగానికి తెగిపోతుంది, లేదా కింది వరుసలో ఉన్న గుడి మీదికి ఎక్కుతుంది. అదే వరుసలో నా తమిళ సహోద్యోగి ఫోల్డర్ పేరు శుభ్రంగా ఉంటుంది, కాబట్టి అతను పరీక్షిస్తే సమస్య ఉందనే తెలియదు. కన్నడవాళ్లకి మాత్రం ఈ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది.

బోల్డ్ సంగతి ఇంకా ముఖ్యం. లోహిత్ తెలుగుకి గాని పోతనకి గాని విడిగా బోల్డ్ లేదు, ఉన్నది మామూలు మందం ఒక్కటే. అలాంటప్పుడు బోల్డ్ అడిగితే సిస్టమ్ ఉన్న అక్షరాన్నే లావు చేసి గీసేస్తుంది. ఇంగ్లిష్‌లో అది కాస్త వికారంగా ఉంటుందేమో గాని చదవగలం. తెలుగులో థ పొట్టలో చుక్క మూసుకుపోతుంది, ఠకీ రకీ తేడా పోతుంది, షలో గీత కలిసిపోయి పలా అయిపోతుంది. మెయిల్ ప్రోగ్రామ్‌లో చదవని ఉత్తరాల పేర్లే బోల్డ్‌లో ఉంటాయి కదా. టి.నగర్‌లో ఉండే మా బాబాయి ఒకసారి ఫోన్ చేసి, "ఒరేయ్, చదివేసిన మెయిల్ బాగానే కనబడుతోందిరా, కొత్తగా వచ్చినదే చదవడానికి రావట్లేదు" అన్నాడు. కంటి అద్దాలు మార్చుకోవాలేమో అని టెన్షన్ పడ్డాడు పాపం. వెళ్లి చూస్తే ఆయన సిస్టమ్‌లో తెలుగు అంతా ఇలాంటి బోల్డ్ లేని ఫాంట్‌లో ఉంది.

అందుకే ఎవరికి సిస్టమ్ పెట్టినా నేను నోటో సాన్స్ తెలుగే డిఫాల్ట్ చేస్తాను. సన్నం నుంచి బాగా లావు దాకా తొమ్మిది మందాలున్నాయి, బోల్డ్ నిజమైన బోల్డ్. అందం విషయంలో నాకు అంత నచ్చిన ఫాంట్ కాదు, గుండ్రదనం ఇంకాస్త ఉంటే బాగుండేదనిపిస్తుంది, అయినా రోజంతా చూసే మెనూలకి చదవడానికి ఇబ్బంది లేకపోవడమే ముందు. ఇండియన్ టైప్ ఫౌండ్రీవాళ్ల హింద్ గుంటూరు కూడా ఇలాంటి పనికి బాగుంటుంది, ఐదు మందాలున్నాయి. ఏక్ టైప్‌వాళ్ల అనేక్ తెలుగులో మందంతో పాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు, ఇరుకు చోట్ల అది పనికొస్తుంది. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, సురన్న, గిడుగు, రామభద్ర లాంటివి నాకు ప్రాణం, శుభలేఖలకీ పోస్టర్లకీ వాటినే వాడతాను, కానీ డిఫాల్ట్‌గా మాత్రం పెట్టను.

మార్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఫాంట్‌కాన్ఫిగ్ సెట్టింగ్ ఫైల్లో తెలుగు ఫాంట్‌ని అన్నిటికన్నా ముందు పెట్టొద్దు. చాలా తెలుగు ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలు కూడా ఉంటాయి, ముందు పెడితే డెస్క్‌టాప్ మీద ఇంగ్లిష్ అంతా వాటితోనే వచ్చేస్తుంది. మీకు నచ్చిన ఇంగ్లిష్ ఫాంట్ మొదట, వెంటనే దాని కింద నోటో సాన్స్ తెలుగు, మిగతావి ఆ తర్వాత. సేవ్ చేశాక ఎఫ్‌సీ-మ్యాచ్ (fc-match) కమాండ్‌కి తెలుగు భాష అని చెప్పి నడిపితే ఏది వస్తోందో చూపిస్తుంది. తెరిచి ఉన్న ప్రోగ్రాములు మూసి మళ్లీ తెరవాలి.

ఆ తర్వాత ఒక ఖాళీ ఫోల్డర్‌లో స్త్రీ, రాష్ట్రం, త్రైమాసిక, వైశిష్ట్యం, కథ, ఠాణా, ఝరి, సాఫ్ట్‌వేర్ అని ఫోల్డర్లు చేసి లిస్ట్ వ్యూలో చూడండి, అవే మాటలు బోల్డ్‌లోనూ చూడండి. కింద ఒత్తు తెగితే సైజు ఒక పాయింట్ పెంచినా లాభం ఉండకపోవచ్చు, ఎందుకంటే లైన్ ఎత్తు ఆ ప్రోగ్రామ్‌లోనే బిగించి ఉండొచ్చు. అలాంటప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఆ ప్రోగ్రామ్ చేసేవాళ్లకి బగ్ రిపోర్ట్, అంటే ఈ లోపం గురించి, రాయండి, ఏ అక్షరం ఎక్కడ తెగిందో గుర్తు పెట్టి మరీ పంపండి, తెలుగు చదవడం రాని మనిషికి ఆ బొమ్మ చూస్తేనే విషయం తెలుస్తుంది.