షుగరు పుండు మానదని ఎవరన్నారు?

నేను ఆసుపత్రి డ్రెస్సింగ్ గదిలో పనిచేసే నర్సును. "షుగరు పుండు కదమ్మా, ఇక మానదులే" అని కాలు చాపుతూనే తీర్పు చెప్పేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలా నమ్మినవాళ్లలో కొందరు మళ్లీ కట్టుకే రారు. మరికొందరు ఖరీదైన ఆయింట్‌మెంటు రాయించమంటారు. చాలా పుండ్లు మానతాయి. కాలికి రక్తం అందాలి, చీము పట్టకూడదు, షుగరు అదుపులో ఉండాలి. వీటితోపాటు ఆ పుండును తొక్కకూడదు. ఈ చివరిదే ఎవరికీ రుచించదు.

ఆలస్యమయ్యే మాట మాత్రం నిజం. చర్మం తెగగానే తెల్లకణాలు వచ్చి క్రిములను మింగాలి. వెనకే వచ్చే మాక్రోఫేజ్ కణాలది మేస్త్రీ పని: ముందు శిథిలాలు తీయించి, తరువాత కొత్త గోడకు పురమాయించాలి. చక్కెర ఎక్కువైతే తెల్లకణాల చురుకు తగ్గుతుంది, మాక్రోఫేజ్‌లు మొదటి దశలోనే చిక్కుకుపోతాయి. అంచుల నుంచి పుండు మీదికి పాకాల్సిన పైచర్మపు కణాలు ముందుకు సాగవు, ఆ అంచు దళసరిగా పేరుకుంటుంది. డాక్టరుగారు బ్లేడుతో చెక్కేది దాన్నే. ఇంట్లో మీరు బ్లేడు పట్టకండి, మీకు పుణ్యముంటుంది.

చాలాకాలంగా షుగరు ఉన్నవాళ్లను నమస్కారం పెట్టమని అడుగుతుంటాను. కొందరికి వేళ్లు పూర్తిగా ఆనవు, మధ్యలో సందు కనిపిస్తుంది. చక్కెర చర్మానికి, కీళ్లకు బిగువిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులకు అతుక్కుని వాటిని బిగించేయడమే కారణం. కొన్ని నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో కొలిచేది కూడా ఇలాంటి అతుకునే, ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ మీద. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి ఆ లెక్క కొన్ని నెలల్లో మారుతుంది. చర్మంలోని కొల్లాజెన్ ఏళ్ల తరబడి ఉంటుంది, దానికంత తొందర లేదు.

నరాల సంగతి ఇంకా చెడ్డది, షుగరుకు అవి దెబ్బతింటే కాలికి వేడీ నొప్పీ తెలియవు. పోయిన వేసవిలో ఒక పెద్దాయన అరికాలి నిండా బొబ్బలతో వచ్చారు. మిట్టమధ్యాహ్నం గుడిలో ప్రదక్షిణలు చేశారట.

"బండలు కాలలేదా బాబాయిగారూ?"

"వెచ్చగా కూడా అనిపించలేదమ్మా. అమ్మవారి దయ అనుకున్నాను."

దుప్పటి మీద తడి మరకలు చూసి ఆయన భార్య పట్టుకొచ్చింది. అసలు విడ్డూరం ఆ తరువాత. నేను శ్రద్ధగా కట్టు కడితే, ఆయన ఆ కాలితోనే బస్టాండు దాకా నడిచి వెళ్లేవారు. నొప్పి ఉంటే కుంటేవారు, కుంటి ఉంటే పుండుకు కొంత విశ్రాంతి దొరికేది. నొప్పి తెలియని కాలు ఎవరి మాటా వినదు.

తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ వెల్లూరులో కుష్ఠు రోగుల పాదాల్లో ఇదే గమనించారు. వాళ్ల కండ చెడ్డది కాదు, నొప్పి తెలియక పుండు మీదే నడవడం వల్ల గాయం మానడం లేదు. బరువు పాదమంతా పంచేలా ప్లాస్టర్ వేస్తే మానింది. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక అదే పద్ధతి షుగరు పాదాలకూ పనికొచ్చింది. నన్నడిగితే, ఏ ఆయింట్‌మెంటుకన్నా అదే గొప్ప మందు.

మా బాబాయిగారికీ చివరికి అలాంటి ప్లాస్టరే వేశారు. మానాక ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు రాస్తే ముఖం ముడుచుకున్నారు, అవి కుష్ఠువాళ్లవని ఎవరో చెప్పారట. మెత్తటి అడుగు, మడమ వెనక పట్టీ ఉన్నవే కావాలని పట్టుబట్టాను. పట్టీ లేకపోతే చెప్పు జారిపోయినా ఆయనకు తెలియదు మరి. చెప్పులకు ఒప్పుకున్నారు. ఇప్పుడు అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్తానంటున్నారు. బస్సులుండగా మెట్లెందుకని నా వాదన. మొక్కు బస్సులో తీరదని ఆయన వాదన. వచ్చే శుక్రవారం డాక్టరుగారి ముందు పంచాయితీ ఉంది.