కాగితం మీదికి రాని నవ్వు

మళ్లీ అదే చోట ఆపి, వెనక్కి తిప్పి చూశాను. 1979లో విడుదలైన స్టాండప్ ప్రదర్శన చిత్రంలో అమెరికన్ హాస్యకారుడు రిచర్డ్ ప్రయర్ తన గుండెపోటు గురించి చెప్పే భాగమది.

ఈ ఉదయం దాన్ని మాట పొల్లుపోకుండా నోటుపుస్తకంలో రాసుకుని చదివితే ఎక్కడా నవ్వు రాలేదు. అందుకని ఈసారి మాటలు వదిలేసి మనిషినే చూశాను. ఊపిరి తీయొద్దని గుండె గద్దిస్తుంది, ఒక మోకాలి మీద కూర్చోమంటుంది, ఇన్నాళ్లూ పంది మాంసం తింటున్నప్పుడు చావు గుర్తుకు రాలేదా అని నిలదీస్తుంది. గద్దించే గొంతూ బతిమాలుకునే గొంతూ ఆయనవే కాగా, ఆ రెంటి మధ్య ఆయన శరీరం కొంచెం కొంచెంగా కుంగి చివరికి నేల మీద వాలిపోతుంది. మన బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ వంతలు ఉంటారు, ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. ఇక్కడ ఆ ముగ్గురి పనినీ ఒక్కడే మోస్తున్నాడు. ఎంత గొప్ప సాధన!

ఆయన మాటలు గానీ, ఆ పడిపోవడం గానీ నేను తీసుకోను. నాన్నకు ఆపరేషన్ జరిగిన రాత్రి ఆసుపత్రి వరండాలో అమ్మ డబ్బు సంచిని ఒళ్లో పెట్టుకుని, ఎవరు దగ్గరికి వచ్చినా దాని మీద కొంగు కప్పేది. రేపటి ఓపెన్ మైక్ (ఎవరైనా వేదికెక్కి ప్రదర్శించగల కార్యక్రమం) కోసం రాసుకున్న ఐదు నిమిషాల్లో ఆ కొంగు గురించిన వాక్యాలన్నీ ఇప్పుడే కొట్టేశాను. అక్కడ చెయ్యి మాత్రమే కదలాలి.