జమ్మి కొమ్మల్లో నకులుడు చేసిన పని

విజయదశమి సాయంత్రం జమ్మిచెట్టు చుట్టూ తిరుగుతూ అందరం చదువుకునే శ్లోకం ఇది.

శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ
అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ

చీటీ మీద రాసి కొమ్మకు తగిలిస్తాం. ఆకు తెంపి పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెడతాం. అర్జునుడి విల్లు మోసిన చెట్టని చెట్టుకు మొక్కుతాం గానీ, ఆ విల్లును దాని మీద ఎలా దాచారన్నది పట్టించుకోం. వ్యాసుడు ఆ సంగతి ఓపిగ్గా చెప్పాడు. ఇంట్లో పాత ఆయుధాలున్నవాళ్ళకు అది పనికొచ్చే పాఠం.

విరాటపర్వంలో పాండవులు మత్స్యనగరం పొలిమేరకు చేరారు. ఆయుధాలతో ఊళ్ళో అడుగుపెడితే జనం బెదిరిపోతారు, గాండీవాన్ని చూస్తే గుర్తుపట్టని వాడుండడు. గుట్ట మీద, శ్మశానం దగ్గర, ఎక్కడం కష్టమైన పెద్ద జమ్మి ఉందని అర్జునుడు చూపించాడు. అప్పుడు ఒక్కొక్కరూ తమ వింటి నారి విప్పారు. నకులుడు చెట్టెక్కాడు. దిట్టంగా ఉన్న తావులు చూసుకున్నాడు, వాన నేరుగా పడని చోటు ఎంచుకున్నాడు, అక్కడ విళ్ళు పెట్టి గట్టి తాళ్ళతో బిగించి కట్టాడు. ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా కట్టారు. ఎదురైన గొల్లలతో '180 ఏళ్ళ మా అమ్మ, ఇది మా కులాచారం' అని చెప్పి ముందుకు నడిచారు.

నారి విప్పడం, వాన తగలని తావు, కదలని కట్టు. ఏడాదిపాటు ఎవరూ ముట్టని ఆయుధానికి కావలసింది ఇదే. నారి బిగించి వదిలేసిన విల్లు ఆ వంపులోనే ఉండిపోయి చేవ పోగొట్టుకుంటుంది. తడీ ఎండా మార్చి మార్చి తగిలిన కర్ర ఉబ్బుతూ కుంచించుకుపోతూ చివరికి చీలుతుంది. వాడుకలో ఉన్న కత్తిని రోజూ ఎవరో తుడుస్తారు, నూరుతారు. పక్కన పెట్టిన కత్తికి ఆ చెయ్యి ఉండదు. అందుకే ఆయుధపూజ అసలు అవసరం యుద్ధం చేసే ఆయుధానికి కన్నా విశ్రాంతి తీసుకునే ఆయుధానికే ఎక్కువని నాకనిపిస్తుంది.

కొన్ని ఇళ్ళలో తాతముత్తాతల నాటి గండ్రగొడ్డలో, బల్లెమో, కర్రపిడి బాకో ఇంకా ఉన్నాయి. మహర్నవమి నాడు వాటిని బయటికి తీస్తారు. నీళ్ళతో కడిగి, తడి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, అలుగు (ఇనుప మొన)కు నిమ్మకాయ గుచ్చుతారు. పూజ అయ్యాక అలాగే గుడ్డలో చుట్టి పెట్టెలో పడేస్తారు. మళ్ళీ వచ్చే నవమి దాకా మూత తీసేవాళ్ళుండరు. భక్తికి లోటు లేదు, ఇనుముకే కష్టం. నిమ్మరసంలో పులుపు ఇనుమును తింటుంది. తడి పసుపు కర్ర ఈనెల్లోకి దిగితే మళ్ళీ రాదు. కుంకుమ తేమను పట్టి ఉంచుతుంది, బొట్టు పెట్టిన చోటే మరుసటి ఏటికి గుండ్రంగా తుప్పు మచ్చ కనిపిస్తుంది.

పత్రం పుష్పం ఫలం తోయం అన్నాడు గీతాచార్యుడు. భక్తితో ఏది ఇచ్చినా తీసుకుంటానన్నాడే తప్ప, నీళ్ళు ఇనుము మీదే పొయ్యమనలేదు. పక్కన కలశం పెట్టి దేవతను అందులోకి ఆవాహన చేసి, అభిషేకం, పసుపు, కుంకుమ, నిమ్మకాయ అన్నీ కలశానికే సమర్పించవచ్చు. ఆయుధానికి పొడి అక్షతలు, రెండు పూలు చాలు. ఆ పూలు కూడా సాయంత్రానికి తీసెయ్యాలి. ఇలా చేస్తే పూజ తగ్గిందని అనుకునే పెద్దవాళ్ళుంటారు. వాళ్ళతో వాదించకుండా, ఆయుధం కింద తమలపాకు వేసి బొట్టు ఆకుకు పెడితే గొడవ ఉండదు.

పిడి కర్రలోకి ఇనుము దూరే చోటును ఒకసారి దీపం దగ్గర పెట్టి చూడండి. పాత బాకుకు ప్రాణం అక్కడే ఉంటుంది, రోగమూ అక్కడే మొదలవుతుంది. అంచు వెంట సన్నటి నల్లగీత, దాన్ని ఆనుకుని ఎర్రటి పొడి కనిపిస్తే లోపల తుప్పు పెరుగుతోందన్నమాట. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు కోసం అది కర్రను లోపల్నుంచి నెడుతుంది, పిడి పొడుగునా చీలిక వస్తుంది. గొడ్డలి కామ వదులైందని నీళ్ళలో నానబెట్టడం పొలం పనిముట్టుకైతే ఒక పూటకు సరిపోతుందేమో గానీ పాత ఆయుధానికి చేటు. ఉబ్బిన కర్ర ఇనుప కన్నంలో నలిగిపోతుంది, ఆరాక ముందుకన్నా వదులవుతుంది, ఈలోగా తడి లోపలికి చేరి ఉంటుంది. వదులుగా ఉన్నదాన్ని వదులుగానే ఉంచి, పడిపోకుండా పడుకోబెట్టడం మేలు.

నూనె విషయానికొస్తే, కొబ్బరినూనె, నువ్వులనూనె, అవిసెనూనె దీపానికే మంచివి. ఇనుము మీద రాస్తే కొన్నాళ్ళకు పాడై, జిడ్డుగానో జిగురుగానో మారి దుమ్ము పట్టేస్తాయి, ఇత్తడి కట్టు ఉంటే దాని చుట్టూ పచ్చగా చిలుము తేలుతుంది. ఇనుముకు పల్చటి మినరల్ ఆయిల్‌ను గుడ్డతో పూసి తుడిచెయ్యాలి, కర్రకు అంటకూడదు. మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ అనే ఒకరకం మైనం అయితే ఇనుముకూ, పగుళ్ళు లేని గట్టి కర్రకూ కూడా పలుచగా పట్టించవచ్చు. పట్టుకునేటప్పుడు ఇనుముకు చేతి చెమట తగలకూడదు, అందులో ఉప్పుంటుంది. తోలు ఒరలో అలుగును ఏళ్ళ తరబడి ఉంచకూడదు. ఒరను వేరుగా, కత్తిని వేరుగా పెట్టాలి. ప్లాస్టిక్ సంచి వద్దు, ఎర్రపట్టూ వద్దు, తేమకు రంగు దిగుతుంది. గంజి లేని, ఉతికిన తెల్ల నూలుగుడ్డ చాలు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య పెద్ద ఎగుడుదిగుడులు లేకుండా ఉంటే కర్రా ఇనుమూ రెండూ సుఖంగా ఉంటాయి. గుడ్డ మీద కొత్తగా పిండిలాంటి పొడి రాలితే పురుగు పని మొదలైనట్టే, దాన్ని వెంటనే మిగతా కర్ర సామాను నుంచి వేరు చెయ్యాలి. ఇంకొక్కమాట. పాత నాటు తుపాకీ ఉంటే ఖాళీ అని ఎప్పుడూ అనుకోకండి. గొట్టంలో మందు దట్టించి మరచిపోయినవి ఉంటాయి. తెలిసినవాళ్ళు చూసేదాకా పూజకు కూడా తియ్యవద్దు.

పిడి నల్లబడిందని శాండ్‌పేపర్ పట్టేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. అది మురికి కాదు. తరతరాల అరచేతులు రాసుకుని వచ్చిన నునుపు. బొటనవేలు ఆనే చోట ఒక చిన్న గుంట ఉంటుంది, మన వేలు అక్కడ పెడితే సరిగ్గా కూర్చుంటుంది. ఆ చేతులు ఏం చేశాయో మనకు పూర్తిగా తెలియదు, అన్నీ మంచి పనులే అని చెప్పలేం. దేవీమాహాత్మ్యం 11వ అధ్యాయంలో దేవతలు ఆయుధానికి నెత్తురంటుతుందన్న మాటను దాచకుండానే చండికను స్తుతిస్తారు.

అసురాసృగ్వసాపంకచర్చితస్తే కరోజ్జ్వలః
శుభాయ ఖడ్గో భవతు చండికే త్వాం నతా వయమ్

రక్తమూ కొవ్వూ బురదలా అంటిన ఖడ్గం అది, ఆ ఖడ్గమే మాకు శుభం చెయ్యాలి అని. పాత బాకును తుడుస్తూ చదువుకోవడానికి దీన్ని మించిన శ్లోకం నాకు కనిపించలేదు.

ఏడాది గడిచాక ఉత్తరుడు జమ్మి ఎక్కి కట్టు విప్పాడు. పులితోలు ఒరలో ఉన్న భీముడి కత్తి, మెరుస్తున్న విళ్ళు చూసి ఇవెవరివని అడిగాడు. బృహన్నల గాండీవం చరిత్ర చెప్పింది. బ్రహ్మ దగ్గర 1000 ఏళ్ళు, ప్రజాపతి దగ్గర 503, ఇంద్రుడి దగ్గర 85, సోముడి దగ్గర 500, వరుణుడి దగ్గర 100, అర్జునుడి దగ్గర 65. అంత పెద్ద వీరుడి వాటా ఆ వరుసలో అన్నిటికన్నా చిన్నది. మన ఇంటి ఆయుధానికీ ఇలాంటి చీటీ ఒకటి రాసిపెట్టాలి. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, చీలిక ఎక్కడుంది, ఏ ఏడు ఏం పూశారు. నూలుదారంతో కట్టండి, రబ్బరుబ్యాండు, ఇనుపతీగ వద్దు.

మహాప్రస్థానంలో అగ్ని ఎదురై, వరుణుడి దగ్గర తెచ్చిన విల్లు వరుణుడికే ఇచ్చెయ్యమంటే అర్జునుడు గాండీవాన్నీ అక్షయ తూణీరాలనూ నీళ్ళలో వేశాడు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన ఇలాంటి వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి, సొంతవే అయినా ఇష్టమొచ్చినట్టు విదేశాలకు పంపడానికి వీల్లేదు. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేకపోతే మ్యూజియానికి ఇవ్వడం నదిలో కలపడం కన్నా నయం. ఇచ్చేటప్పుడు ఆ చీటీ కూడా దానితోపాటే పంపండి, విడిపోతే ఆ చరిత్రను మళ్ళీ ఎవరూ కట్టలేరు.