పిల్లి బొమ్మల కోటు

"ఆ కోటు మీద పిల్లి బొమ్మలు చూశావా అక్కా?" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టింది చెల్లి.

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ 'క్వీన్' గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ చివరి పాట వీడియో. 1991 మే నెలలో తీసింది. బాగా చిక్కిపోయిన ముఖం, దాని మీద మందంగా మేకప్. అయినా కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు.

అదే ఏడాది నవంబర్ 23న తనకు ఎయిడ్స్ అని ప్రకటించాడు. మర్నాడు సాయంత్రానికే పోయాడు. 45 ఏళ్లు! మన మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకున్న పార్సీ పిల్లాడు.

లండన్‌లో ఆయన ఇంటి ముందు అప్పటిదాకా ఫొటోల కోసం విలేకరులు కాపు కాశారు. తర్వాత అక్కడే అభిమానులు పూలు పెట్టి ఏడ్చారు. ఆ జబ్బు పేరెత్తడమే తప్పనుకునే రోజుల్లో అందరి ముందూ ఏడ్చారు. వాళ్లంటే నాకు చాలా గౌరవం.

చావుకు దగ్గరైన మనిషిని గేటు బయట కెమెరాలతో వేధించినవాళ్లని తలచుకుంటే మాత్రం ఇప్పటికీ కోపమే.