మంచు కరిగితే చలి ఎందుకు పెరిగింది?

భూమి వేడెక్కితే మంచు కరుగుతుందని చిన్నపిల్లలకూ తెలుసు. కానీ అలా కరిగిన నీరే వందల ఏళ్లపాటు చలిని తెచ్చిపెట్టిన సందర్భాలు భూమి చరిత్రలో ఉన్నాయంటే తొలిసారి వినేవారు ఒక పట్టాన నమ్మరు. కీలకమంతా ఉప్పులో ఉంది.

అట్లాంటిక్ మహాసముద్రంలో ఉష్ణమండలం నుంచి ఉత్తరానికి పోయే వెచ్చని ఉప్పునీరు గ్రీన్‌లాండ్, నార్వే పరిసరాల్లో తన వేడిని గాలికి వదిలి, చల్లబడి, బరువెక్కి, లోతుకు దిగి, అడుగు నుంచి దక్షిణానికి మళ్లుతుంది. సెకనుకు సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్ల నీరు ఇలా తిరుగుతోందని 2004 నుంచి జరుగుతున్న కొలతలు చెబుతున్నాయి. లోకంలోని నదులన్నీ కలిసి సముద్రంలో పోసేది అందులో పదో వంతు కూడా ఉండదు. అయితే నీరు మునగడానికి చల్లదనం ఒక్కటే చాలదు, ఉప్పు కూడా తగినంత ఉండాలి.

తేటనీరు ఉప్పునీటి మీద ఎలా తేలుతుందో శ్రీకాకుళం జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. వంశధారకు వరద వచ్చిన రోజుల్లో కళింగపట్నం మొగ దగ్గర నిలబడితే, మట్టిరంగు ఏటినీరు సముద్రంలో వెంటనే కలవకుండా పైపైనే పరుచుకుంటూ పోవడమూ, రెండు నీళ్ల సరిహద్దున నురగ, చెత్త ఒక గీతలా పోగుపడటమూ కనిపిస్తాయి. సముద్రపు నీటిలో కిలోకు సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటే, వానాకాలం ముగిసేసరికి ఉత్తర బంగాళాఖాతం పైపొరలో అది 30 గ్రాముల కన్నా దిగువకు పడిపోతుంది. అటువంటి తేలిక పొర ఉత్తర అట్లాంటిక్‌ను కప్పితే, ఎంత చల్లబడినా లోతుకు దిగదు, పైగా సులువుగా గడ్డకడుతుంది; దిగే నీరు తగ్గేకొద్దీ దక్షిణం నుంచి రావలసిన వెచ్చని నీరూ తగ్గుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. 1988లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హార్ట్‌ముట్ హైన్రిక్ తీరానికి ఎంతో దూరంగా, అట్లాంటిక్ అడుగు బురదలో రాతి రేణువుల పొరలను గుర్తించాడు. గత హిమయుగంలో కెనడాను కప్పిన లారెన్‌టైడ్ మంచు పలక హడ్సన్ జలసంధి గుండా విరిగిపడినప్పుడు, మంచుకొండలు మోసుకువచ్చి కరుగుతూ జారవిడిచిన రాళ్లు వాటిలో ఎక్కువని తర్వాత తేలింది.

ప్రవాహం నిజంగా మందగించిందనడానికి దొరికిన సాక్ష్యం మాత్రం నన్ను ఇంకా అబ్బురపరుస్తుంది. సముద్రపు నీటిలో కరిగి ఉన్న యురేనియం నుంచి థోరియం-230, ప్రొటాక్టీనియం-231 అనే రేడియోధార్మిక పదార్థాలు ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో పుడుతుంటాయి. థోరియం పుట్టిన కొద్దికాలానికే రేణువులకు అంటుకుని అడుగుకు చేరుతుంది. ప్రొటాక్టీనియం ఇంకొంతకాలం నీటిలోనే ఉంటుంది కనుక ప్రవాహం దానిలో చాలా భాగాన్ని దక్షిణానికి ఈడ్చుకుపోతుంది. ప్రవాహం ఆగితే రెండూ పుట్టిన నిష్పత్తిలోనే బురదలో మిగలాలి. బెర్ముడా సమీపంలో తీసిన బురదలో, దాదాపు 17,500 ఏళ్ల కిందట మొదలైన పొరల్లో, ఇంచుమించు అదే కనిపించిందని మెక్‌మానస్ బృందం 2004లో ప్రకటించింది.

12,900 ఏళ్ల కిందట, హిమయుగం ముగుస్తోందనుకున్న దశలో, చలి మళ్లీ విరుచుకుపడి సుమారు 1,200 ఏళ్లు కొనసాగింది. కెనడాలోని అగాసిజ్ అనే మహా సరస్సు నీరు సెయింట్ లారెన్స్ లోయ గుండా అట్లాంటిక్‌లోకి మళ్లడమే కారణమని అమెరికన్ శాస్త్రజ్ఞుడు వాలెస్ బ్రోకర్ వాదించాడు. ఆ నీరు మెకంజీ నది దారిన ఆర్కిటిక్‌కు చేరిందని చూపే ఆధారాలు ఆ తర్వాత బయటపడ్డాయి. దారి ఏదన్న తగవు ఇంకా తెగలేదు గానీ, తేటనీరే మూలమన్న వివరణకే పరిశోధకుల్లో ఎక్కువమంది మొగ్గు చూపుతారు.

ఇంత దూరపు గొడవ మనకెందుకంటారా? ఉత్తరార్ధగోళం చల్లబడినప్పుడు వానల పట్టీ దక్షిణానికి జరుగుతుంది, ఆసియా భూభాగం వేసవిలో చాలినంత వేడెక్కదు, నైరుతి రుతుపవనాలు బలహీనపడతాయి. మేఘాలయలోని మామ్లూ గుహ సున్నపురాతి పొరలు 17,500, 12,900 ఏళ్ల కిందట మొదలైన ఈ రెండు చలికాలాల్లోనూ వానలు తగ్గినట్టు చెబుతున్నాయి. నదుల నీరు తగ్గి బంగాళాఖాతం ఉప్పదనం పెరిగినట్టు సముద్రపు బురదా చెబుతోంది.

అట్లాంటిక్ ప్రవాహం రేపోమాపో ఆగిపోయి హిమయుగం వస్తుందని వీడియోలు చేసేవారిని నేను పట్టించుకోను. ఈ శతాబ్దంలో అది బలహీనపడటం దాదాపు ఖాయమనీ, 2100 లోపు హఠాత్తుగా కుప్పకూలకపోవచ్చనీ వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2021 నివేదిక అంచనా వేసింది. కుప్పకూలదన్న మాటకు మాత్రం అది ఇచ్చిన నమ్మకం మధ్యస్థమే.